అమెరికాలో పాత ఇనుప సామాన్లు కొంటారా?

తెనాలి,
ఆదివారం.

చిరంజీవి చిన్నాకు అత్తయ్య ఆశీస్సులు.

నీ వాట్సాప్ చూశాను. "పాపకి నేను ఆన్‌సైట్‌కి అమెరికా వెళ్ళానని చెప్పాం. కోర్టు పని అయ్యాక మెల్లగా చెబుతాం. నువ్వూ అలాగే అను అత్తా" అని రాశావు. ఆ బుల్లి అక్షరాలు నొక్కుతూ కూర్చోవడం నావల్ల కాక కాగితం తీసుకున్నాను. నేనలా అనలేనురా.

మొన్న శుక్రవారం పాప ఫోన్ చేసింది. అదీ ఇదీ మాట్లాడి, గొంతు తగ్గించి, "తెనాలి నాయనమ్మా, అమెరికాలో కూడా పాత ఇనుప సామాన్లు కొంటారా?" అంది. నువ్వు పట్టపగలు కర్టెన్లు మూసి, లైటు ఆర్పి, అక్కడ అర్ధరాత్రి అయినట్టు వీడియో కాల్ చేస్తున్నావట. కింద వీధిలో ఆటో మైకు మాత్రం తన పని తాను చేసుకుపోయిందట. నాకు నోట మాట రాలేదు. చివర్లో "నాన్నతో అనకు నాయనమ్మా, బాధపడతాడు" అంది. ఏడేళ్ళ పిల్ల! నువ్వాడిన అబద్ధాన్ని ఇప్పుడు అది కాపాడుతోంది.

మీ ఇద్దరికీ ఎందుకు పడలేదో నేనడగను. కోడలి మీద కోపం లేదు, నీ మీదా లేదు. సరిగ్గా తింటున్నావా? మొన్న ఫొటోలో బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి.

మీ తాతయ్య ఇల్లు వదిలి వెళ్ళిన సంగతి నీకు తెలిసిందే, మళ్ళీ తవ్వను. నీకు తెలియనిదొకటి చెబుతాను. 1958లో నాకు ఎనిమిదేళ్ళు, మీ నాన్న చంకలో పిల్లాడు. "నాన్న పనిమీద మద్రాసు వెళ్ళాడు" అన్నారు. బడి వదలగానే స్టేషనుకు పోయి, మద్రాసు నుంచి వచ్చే బండి కోసం నిలబడేదాన్ని. అక్కడ వేరుసెనక్కాయలు అమ్మే ముసలాయన నా గౌను జేబులో దోసెడు పోసి, పైన ఇంకాస్త కొసరేవాడు. డబ్బులు అడిగేవాడు కాదు. ఆ కాయలు ఇసకలో వేయించినవి, అలాంటి రుచి మళ్ళీ తగల్లేదు. ఊరందరికీ తెలిసిన సంగతి ఆయనకూ తెలుసని, అందుకే ఆ కొసరని నాకేం తెలుసు? రెండేళ్ళయ్యాక దాగుడుమూతలాటలో పక్కింటి పిల్ల నోరు జారింది: "మీ నాన్న రేపల్లెలోనేగా ఉంది!" రేపల్లె బండెక్కితే ఒక్క పూటలో పోయి రావచ్చు. రెండేళ్ళూ నేను వేరే బండికి ఎదురుచూశానన్నమాట. వెళ్ళిపోయినందుకు నాన్నను ఎప్పుడో క్షమించాను. ఆ ప్లాట్‌ఫారం మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు.

పోనీ, మా అమ్మకు దారి లేదు. ఇద్దరూ ఒప్పుకుని విడిపోవడమనేది 1955 చట్టంలో లేనేలేదు, 1976లో చేర్చారు. మీకేమొచ్చింది? ఆరు నెలల గడువు అంటున్నావు. తగిన కారణముంటే అదీ మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆ గడువు పెట్టింది మీరిద్దరూ ఇంకోసారి ఆలోచించుకోవడానికి. పాపకెందుకురా ఆ వాయిదాలు?

ఇద్దరూ కలిసి కూర్చుని చెప్పండి. "ఇకనుంచి అమ్మా నాన్నా వేరే వేరే ఇళ్ళల్లో ఉంటాం. నాన్న మియాపూర్‌లో ఉంటాడు, శనివారం వస్తాడు. ఇది నీవల్ల జరగలేదు." ఆ చివరి మాట ఒకసారి చెబితే చాలదు. ముప్ఫై ఒక్కేళ్ళు రెండో తరగతి చెప్పాను. ఒకడు అన్నం డబ్బా తెరవకుండా కూర్చుంటే దగ్గరికి పిలిచి అడిగాను. "నేను రేడియో పగలగొట్టాను టీచర్, అందుకే మా నాన్న వెళ్ళిపోయాడు" అన్నాడు. ఆ వయసులో ముందు జరిగింది ఏదైతే అదే కారణం అనుకుంటారు.

ఇంకోటి, అన్నిటికంటే ముఖ్యం. నీ అడ్రసు పాపకి నోటికి రావాలి. ఎన్నో అంతస్తు, తలుపు ఏ రంగు, మెట్రో దిగితే ఎటు తిరగాలి, లిఫ్టు చెడితే ఎన్ని మెట్లు, అన్నీ. కాగితం మీద రాసి స్కూలు డైరీలో అంటించు. దాని బ్రష్షు, దువ్వెన, ఒక జత చెప్పులు నీ దగ్గరుండాలి. చెప్పులు మరిచిపోకు. గుమ్మంలో తన చెప్పులు కనిపిస్తేనే పిల్లలకు అది తమ ఇల్లు. మెట్లు కూడా లెక్కపెట్టించమంటావా అని నవ్వకు. లెక్కపెట్టించు.

మిగతావి నీకు తెలియనివి కావు. "ఫీజు కట్టమని మీ అమ్మతో చెప్పు" లాంటి కబుర్లు దానిచేత మోయించకండి. "ఎవరి దగ్గరుంటావ్?" అని అడగకండి, అవసరమైతే జడ్జిగారు అడుగుతారు. సోమవారం పొద్దున కడుపునొప్పి అన్నా, మళ్ళీ పక్క తడిపినా కసరొద్దు. ఉన్నట్టుండి మరీ బుద్ధిమంతురాలైపోయినా మురిసిపోకండి, అదీ ఒక ఏడుపే. క్లాసు టీచరుకు ఒక మాట చెప్పి ఉంచండి. మీకు చేతకాకపోతే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్, తెలుగులోనూ మాట్లాడతారు. నీకు నిద్ర పట్టకపోయినా చెయ్యి నాన్నా, సిగ్గుపడకు.

గోంగూర పచ్చడి రెండు సీసాలు పంపుతున్నాను, ఇంటికొకటి. పాప కోసం రెండింట్లోనూ కారం తగ్గించాను. నువ్వు సర్దుకో.

బుధవారం పాప మళ్ళీ ఫోన్ చేస్తానంది. అది వినాల్సింది మీ ఇద్దరి నోటినుంచి, నా నోటినుంచి కాదు. కానీ అడిగితే నేను అబద్ధం చెప్పను. మంగళవారంలోగా చెప్పేయండి.

ఇట్లు,
మీ అత్తయ్య