క్షేత్రనామములు – స్థలపురాణ నిర్వచనములు

ఏ క్షేత్రమునకు పోయినను ఆ యూరి పేరు వెనుక నొక కథ వినవచ్చును. ఆ కథను వ్యాకరణముతో కొలిచి త్రోసివేయుట పండితులలో నొక యలవాటు. నేనును అట్లు చేసినవాడనే. వెనుకటి కొకనాడు తరగతిలో లేపాక్షి నామకథ శాస్త్రసమ్మతము కాదని చెప్పగా, ఆ ప్రాంతపు విద్యార్థి యొకడు లేచి “అయ్యవారూ, అట్లయిన మా అవ్వ చెప్పినది అబద్ధమా?” అని యడిగెను. నాడు బదులు చెప్పలేకపోతిని. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు ఆలస్యముగా నిచ్చు సమాధానము.

శబ్దమును విచారించుటకు మన శాస్త్రములలో రెండు మార్గములు కలవు. ప్రకృతిప్రత్యయములను విడదీసి రూపమును సాధించుట వ్యాకరణము పని. అర్థమును ప్రధానముగా గొని శబ్దమును వివరించుట నిరుక్తము పని. అందుచేతనే యాస్కుడు ఒకే పదమునకు రెండు మూడు నిర్వచనములు చెప్పుటకు వెనుదీయలేదు. స్థలపురాణము రెండవ మార్గమునకు చెందినది. దానిని మొదటి మార్గపు కొలతతో కొలుచుటయే మన పొరపాటు.

లేపాక్షినే చూడుడు. రావణునిచే కూలిన జటాయువును చూచి శ్రీరాముడు “లే, పక్షీ” అనెనని కథ. వాల్మీకి అరణ్యకాండములో రాముడు జటాయువునకు దహనసంస్కారము చేసి గోదావరిలో ఉదకము విడుచుట కలదు గాని యీ మాట లేదు. పైగా “లే” తెనుగు క్రియ, “పక్షి” సంస్కృతము. రెండును కలిసినను పకారమునకు దీర్ఘము రాదు. ‘లేప’, ‘అక్షి’ శబ్దములను గూర్చినచో సవర్ణదీర్ఘముతో, మీనాక్షి, విశాలాక్షి వలె రూపము చక్కగా సిద్ధించును. అయినను రూపము సిద్ధించినంత మాత్రమున ఆ యర్థముతోనే పూర్వులు పేరు పెట్టిరని నిర్ణయింపరాదు. సూత్రము సాధుత్వమునకు ప్రమాణము, చరిత్రకు కాదు. అచ్యుతరాయల కాలమున వీరభద్రాలయమును కట్టించిన విరూపణ్ణ రాజదండనకు ముందే తన కన్నులు పెరికి గోడకు కొట్టెనను రెండవ కథ ‘అక్షి’ శబ్దమును పట్టుకొన్నది. ఒక పేరు, రెండు దుఃఖములు.

శ్రీకాళహస్తి కథ సుప్రసిద్ధము. శ్రీ యనగా సాలెపురుగు, కాళము పాము, హస్తి యేనుగు. అమరకోశమున సాలీడునకు లూత, ఊర్ణనాభము మొదలగు పర్యాయములు కలవు గాని శ్రీ శబ్దము లేదు. తమిళమున తేవారగీతములు ఈ క్షేత్రమును కాళత్తి యనుచున్నవి. ‘తిరు’ గౌరవార్థకముగా ముందు చేరినది. దానికి సమానమైన ‘శ్రీ’ పేరులో స్థిరపడిన పిదప సాలీడు ఆ యక్షరమును ఆశ్రయించినదని నాకు తోచుచున్నది. కాని కథలోని స్వారస్యము వేరు. ద్వంద్వసమాసమున అన్ని పదముల యర్థములును ప్రధానములే. పురుగు, పాము, ఏనుగు ఈశ్వరుని యెదుట సమానములని చెప్పుటకు ఇంతకంటె తగిన సమాసము లేదు.

పిఠాపురమున విషయము మరింత స్పష్టము. 4వ శతాబ్దమున సముద్రగుప్తుని ప్రయాగ శాసనము పిష్టపురపు రాజును పేర్కొన్నది. క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనము రెండవ పులకేశి పిష్టపురమును గెలిచినట్లు చెప్పుచున్నది. ప్రాకృతమున ‘ష్ట’ ‘ట్ఠ’ యగుట ప్రసిద్ధమే గనుక పిష్ట శబ్దము పిట్ఠ యై, పిఠ యైనది. పిష్టమనగా పిండి, అందులో భక్తునికి పట్టు దొరకలేదు. పురుహూతికాదేవి వెలసిన శక్తిపీఠమున భక్తుడు ఆ ధ్వనిలో ‘పీఠము’ను వినెను, ఊరు పీఠికాపురమయ్యెను. పీఠికాపురమనియే నేర్పినచో శాసనములోని పిష్టపురము తమ యూరేయని పిల్లలు గుర్తింపలేరు. పిష్టపురమనియే నేర్పినచో యాత్రికుడు ఏ పేరు తలచి మ్రొక్కునో వారికి తెలియదు.

కావున పరిశోధక విద్యార్థులకు నా మనవి యిది. పెద్దలు చెప్పిన కథను దిద్దక, చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనుడు. దాని ప్రక్కనే శాసనరూపమును సంవత్సరముతో వ్రాయుడు. ఒకదానితో నొకటి కలుపకుడు. ఒకదానికై యొకటి విడువకుడు.

ఆ విద్యార్థి నేడు ఎచ్చట నున్నాడో యెరుగను. ఎదురైనచో ఇట్లు చెప్పెదను: “నాయనా, మీ అవ్వ చెప్పినది పేరు పుట్టిన తీరు కాదు, ఆ పేరును మీ యూరివారు వినిన తీరు. అందులో అబద్ధము లేదు.”