విదేశం నుంచి నంద్యాలలో స్థలం కొనడం ఎలా?

అమెరికా పౌరసత్వం తీసుకున్నాక, పుట్టిన ఊరే అయినా నంద్యాలలో స్థలం కొనాలంటే ఫెమా (విదేశీ మారక నిర్వహణ చట్టం) నిబంధనలు పాటించాల్సిందే. ఊరి మీద ప్రేమతో, చుట్టాల మీద నమ్మకంతో ముందు డబ్బు పంపి, ఆ తర్వాత కాగితాలు అడిగితే నష్టపోయేది మీరే. కాగితాలు ముందు, బయానా తర్వాత.

1. ఏం కొనొచ్చో తెలుసుకోండి

ఎన్నారైలు, ఓసీఐ కార్డున్నవాళ్లు ఇల్లు, ఇంటి స్థలం, దుకాణం కొనొచ్చు. పొలం, ఫామ్‌హౌస్ కొనకూడదు. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన పొలాన్ని మాత్రం ఉంచుకోవచ్చు.

నంద్యాల, ఆళ్లగడ్డ మధ్య 40వ జాతీయ రహదారి పక్కన స్థలం చూపిస్తే ఇక్కడే జాగ్రత్తపడాలి. రాళ్లు పాతి, మట్టి రోడ్లు వేసినంత మాత్రాన పొలం ఇంటి స్థలమైపోదు. రికార్డుల్లో అది వ్యవసాయేతర భూమిగా మారిందా, లేఅవుట్‌కు అనుమతి ఉందా అని చూడండి. 500 చదరపు మీటర్లు మించిన వెంచర్ అయితే ఏపీ రెరా నంబరు అడగండి.

2. సర్వే నంబరుతో మొదలుపెట్టండి

సర్వే నంబరు ఉంటే మీభూమి వెబ్‌సైట్‌లో 1బి, అడంగల్ అనే భూమి రికార్డులు చూడొచ్చు. ఆ నంబరు 22ఎ నిషేధిత జాబితాలో ఉంటే రిజిస్ట్రేషన్ జరగదు. ప్రభుత్వం పేదలకు కేటాయించిన డీకేటీ పట్టా భూమి అయితే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం వర్తిస్తుంది. అమ్మే హక్కు ఉందని లాయరు తేల్చి చెప్పేదాకా ముందుకెళ్లకండి.

3. ఈసీని లెక్కగట్టి చదవండి

కనీసం 30 ఏళ్ల ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు తెప్పించుకోండి. తనఖా ఉందేమో చూసి ఊరుకోవద్దు. ఎకరానికి 100 సెంట్లు, సెంటుకు 48.4 గజాలు. మీ ప్లాటు ఉన్న ఎకరాలో ఇప్పటికే ఎవరెవరికి ఎన్ని సెంట్లు అమ్మారో కూడండి, రోడ్లకు పోయింది తీసేయండి. మీకు అమ్ముతామంటున్న సెంట్లు అసలు మిగిలాయో లేదో అప్పుడు తెలుస్తుంది.

4. నేల మీద కొలిపించండి

సర్వేయరును పంపి, దస్తావేజులోని చెక్కుబందీ (నాలుగు హద్దులు) నేల మీద సరిపోతోందో చూడమనండి. వీడియో కాల్‌లో మీరూ ఉండండి. పక్క స్థలాల వాళ్లతో మాట్లాడించండి.

5. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి

ఎన్నార్‌ఈ, ఎన్నార్వో ఖాతాల నుంచి గానీ, విదేశం నుంచి నేరుగా బ్యాంకు ద్వారా గానీ చెల్లించండి. నగదు వద్దు. కట్టిన మొత్తమంతా దస్తావేజులో రాయించండి. రేపు అమ్మి డబ్బు వెనక్కి తీసుకెళ్లేటప్పుడు బ్యాంకు అడిగేది ఈ ఆధారాలనే. ధర 50 లక్షలు, ఆ పైన ఉంటే 1 శాతం టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవారూ ఎన్నారై అయితే టీడీఎస్ నిబంధన వేరు, ఆడిటర్‌ని అడగండి.

6. పవర్ పరిమితంగా ఇవ్వండి

రాలేకపోతే ఈ ఒక్క కొనుగోలుకే పరిమితమైన స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసి, భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించండి. అది ఇండియాకు చేరిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. అమ్మేవారు మాత్రం ‘జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసిస్తాం, చాలు’ అంటే ఒప్పుకోవద్దు. జీపీఏతో యాజమాన్యం రాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

7. రిజిస్ట్రేషన్‌తో ఆపకండి

పన్ను మీ పేరుకు మార్పించుకోండి. చుట్టూ కంచె వేయించండి. ఏడాదికోసారి ఈసీ తీసి చూడండి.

‘ఇంకొకరు అడుగుతున్నారు, ఇవాళే బయానా వేయండి’ అని తొందరపెడితే ఆ స్థలం వదిలేయండి. నంద్యాలలో ఇంకో స్థలం దొరుకుతుంది. విదేశంలో ఉండి ఇక్కడి కోర్టులో దావా నడపడం ఎవరికైనా కష్టమే.