బి-12 సూదిమందు: తెలిసి వాడుకొను విధము

కాళ్లు తిమ్మిరెక్కినను, నీరసము తోచినను “ఒక బలం సూది వేయించుకొందము” అనుట వ్యాపార కుటుంబములలో పరిపాటి. ఆ సూది తరచుగా బి-విటమినులదే. మంచి మందే గాని, ఎవరికి, ఎప్పుడు, ఎట్లు అనునవి తెలిసిన పిమ్మటనే వేయించుకొనవలెను.

బి-12 ను మొక్కలుగాని జంతువులుగాని తయారు చేయలేవు, సూక్ష్మజీవులే చేయును. ధాన్యములలో, పప్పులలో, కూరలలో ఇది దొరకదు. శాకాహారులకు పాలు, పెరుగు, మజ్జిగలే ఆధారము. పాలు కూడ మానినవారికి, వృద్ధులకు, మధుమేహమునకు మెట్‌ఫార్మిన్ మాత్రలు చిరకాలము వాడువారికి దీని లోటు కలుగు అవకాశ మెక్కువ. పాదములలో సూదులు గ్రుచ్చినట్లుండుట, నడకలో తూలుట, నాలుక మంట, మతిమరుపు, రక్తహీనత దీని లక్షణములు. ఆలస్యమైనచో నరములకు కలిగిన హాని పూర్తిగా తీరకపోవచ్చును.

ఈ మందు జంతువులనుండి తీసినదేమోయని కొందరు వెనుదీయుదురు. ఆ శంకకు కారణము లేకపోలేదు. 1926లో అమెరికా వైద్యులు మైనాట్, మర్ఫీ రోగులచే కాలేయమును తినిపించి, ప్రాణాంతకమైన యొక రక్తహీనతను నయము చేయవచ్చునని చూపిరి. పిదప కాలేయసారమును సూదిగా వేసిరి. 1948లో బి-12 విడిగా లభించెను. నేడు దానిని బాక్టీరియాతో పులియబెట్టి తయారు చేయుచున్నారు. కాలేయముతో పని లేదు. అయితే క్యాప్స్యూల్ పై తొడుగు జెలటిన్‌దై యుండవచ్చును. జెలటిన్ పశువుల ఎముకలు, చర్మములనుండి వచ్చును. కనుక మామూలు మాత్ర నడుగుట మేలు.

ఇక జాగ్రత్తలు:

మొదటిది, సూదికి ముందే పరీక్షకు రక్త మీయవలెను. సూది పడిన పిదప రక్తములో బి-12 పెరిగి, అసలు లోటు మరుగున పడును.

రెండవది, లోటున్నవారు ఫోలిక్ ఆమ్లము మాత్రమే వాడరాదు. రక్తము బాగుపడుచుండగనే నరములు చెడవచ్చును.

మూడవది, ఏ మందు పడదో డాక్టరుకు ముందే చెప్పవలెను. బి-1, బి-12 సూదులవలన అరుదుగా ఒళ్లంతా దద్దురులు, ఊపిరాడకపోవుట కలుగును. కావున సూది వైద్యశాలలోనే వేయించుకొని, కొంతసేపు అచ్చటనే కూర్చుండవలెను.

నాలుగవది, ప్రతిసారి క్రొత్త సూది, క్రొత్త సిరంజి యుండవలెను. ఒకరికి వాడినది మరొకరికి వాడినచో కాలేయమును చెరచు హెపటైటిస్ బి, సి వ్యాధులు సంక్రమించును.

ఐదవది, బి-కాంప్లెక్సు సూదులలో తరచు బి-6 కూడ నుండును. అది అధికముగా, చిరకాలము వాడినచో నరములు చెడి, ఏ తిమ్మిరి పోవుటకు సూది వేయించిరో ఆ తిమ్మిరియే వచ్చును.

పెద్దవారికి దినమునకు కావలసిన బి-12 సుమారు 2 మైక్రోగ్రాములు. ఒక సూదిలో తరచు 1000 మైక్రోగ్రాములుండును. ఎన్ని సూదులు కావలెనో డాక్టరే నిర్ణయింపవలెను. ఆహారలోపమే కారణమైనవారిలో పలువురికి మాత్రలే చాలును. కడుపు బి-12 ను గ్రహింపలేనివారికి మాత్రము జీవితాంతము సూదులు కావలసిరావచ్చును; ఒంట్లో కులాసాగా నున్నదని వారు మధ్యలో మానరాదు.

ఖాతా చూడక బాకీ చెల్లించు వర్తకు డుండడు. దేహము విషయమునను ముందు లెక్క చూచి, పిదపనే మందు వాడుట క్షేమము.