నేల తెలిసినవాడికి పని ఇవ్వు

చి. బుజ్జికి,

మాంటే రియోలో ఇల్లు మీ చేతికొచ్చిందని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం. వంటగది విప్పి పెద్దది చేయించాలనీ, వెనకవైపు ఇంకో పడగ్గది వేయించాలనీ అనుకుంటున్నారట. ఫ్రీమాంట్‌లో మనవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక కాంట్రాక్టర్ నంబరు ఇచ్చారనీ, రేటు తక్కువ చెప్పాడనీ కూడా విన్నాను. అతనికి మాట ఇచ్చే ముందు ఈ ఉత్తరం ఒకసారి అల్లుడుగారితో కలిసి చదువు.

మీ మాంటే రియో ఉన్న సొనోమా కౌంటీ పేరుకు ఒకటే గానీ అందులో నాలుగైదు రకాల నేలలున్నాయి. పడమర బొడేగా బే వైపు సముద్రం గట్టున ఇంటికి చేర్పు వెయ్యాలంటే కోస్టల్ పర్మిట్ సంగతి ముందు తేల్చుకోవాలి. శాంటా రోజా పైన కొండల్లో నిప్పు భయం. 2017 అక్టోబరులో టబ్స్ మంట ఊళ్లోకే దిగి అయిదు వేలకు పైగా కట్టడాలను బూడిద చేసింది. అక్కడ కప్పు మీద ఏం పరుస్తున్నాం, చూరు కింద గాలి కన్నాలకు ఎలాంటి జాలీ బిగిస్తున్నాం అన్నవి మొదట మాట్లాడాలి. పెటలూమా ఊళ్లో మురుగు లైనుంది, ఊరు దాటితే బోరు, సెప్టిక్ ట్యాంకు. మీదేమో రష్యన్ నది ఒడ్డు. 2019 ఫిబ్రవరిలో గెర్న్‌విల్ దగ్గర నది 45 అడుగులు దాటింది. అక్కడ 32 అడుగులకే వరద అంటారు. అందుకని ఈ కౌంటీలో మంచి కాంట్రాక్టర్ అంటే ముందు మీ నేల తెలిసినవాడు, ఆ తర్వాతే పనితనం, రేటు. ఫ్రీమాంట్‌లో అద్భుతంగా వంటగదులు చేసేవాడికి ఈ నది సంగతి తెలియకపోవచ్చు. ఆర్నెల్ల తర్వాత తలుపు బిగుసుకుపోతే అంత దూరం నుంచి వస్తాడా అన్నది ఇంకో ప్రశ్న.

నేల తెలిసినవాణ్ని పోల్చుకోవడం కష్టమేం కాదు, ఇల్లు చూడటానికి వచ్చిన రోజున గమనించు చాలు. ఒకతను వంటగదిలో నిలబడి టేపు పట్టి, నాలుగు ఫోటోలు తీసుకుని, రాత్రికల్లా ధర పంపిస్తాడు. ఇంకొకతను మోకాళ్లకు ప్యాడ్లు కట్టుకుని, టార్చి పట్టుకుని, ఫ్లోరు కిందికి పాకుతూ వెళ్తాడు. స్క్రూడ్రైవర్‌తో దూలాలను అక్కడక్కడా పొడిచి చూస్తాడు. గట్టి చెక్కయితే మొన దిగదు, నాని పుచ్చిందయితే మెత్తగా లోపలికి పోతుంది. స్తంభాల మీద వరద నీటి చార ఎంత ఎత్తున ఉందో చూస్తాడు. పైకొచ్చి బట్టలు దులుపుకుంటూ, “సెప్టిక్ ట్యాంకు ఎక్కడుంది? ఎన్ని పడగ్గదులకు పర్మిట్ ఉంది?” అని అడుగుతాడు. ఇతను చెప్పే ధర ఎక్కువే ఉంటుంది. అయినా ముందు ఇతనితోనే మాట్లాడు.

ఆ పడగ్గది ప్రశ్న ఊరికే అడిగింది కాదు. సెప్టిక్ ఎంత మోయగలదన్నది ఇక్కడ పడగ్గదుల లెక్కన చూస్తారు. గది పెంచితే ట్యాంకు, దాని వెనక నీరు ఇంకే కాలువలు సరిపోతాయో లేదో తేల్చాలి. చాలకపోతే గదికి అయ్యేంత ఖర్చు మట్టిలోనే కావచ్చు. వరద ప్రాంతం కాబట్టి ఇంకో రూలుంది. పని ఖర్చు, స్థలం మినహాయించి కట్టడానికి ఉన్న మార్కెట్ విలువలో సగానికి చేరితే, ఇల్లు మొత్తాన్నీ కొత్త ఇంటి నిబంధనలకు తేవాలి. అంటే ఇంటిని ఎత్తు లేపాల్సి రావచ్చు. మీ పాత ఇంటికి ఆ సగం ఎంతో లెక్క తేలాకే వంటగది బొమ్మలు గీయించండి. 1978కి ముందు కట్టిన ఇల్లయితే పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, గోడలు విప్పేవాళ్లకు దానికి తగ్గ సర్టిఫికెట్ ఉండాలి.

మనిషి నచ్చాక కాగితాలు చూడు. కాలిఫోర్నియాలో కాంట్రాక్టర్ల లైసెన్సు బోర్డు వెబ్‌సైట్‌లో నంబరు కొడితే అతని చరిత్ర కనిపిస్తుంది. నీ పనికి ‘బి’ తరగతి లైసెన్సు కావాలి. అది చెల్లుబాటులో ఉందా, అదే మనిషిదా అన్నది చూడు. అతని వల్ల నష్టపోయినవాళ్లకు చెల్లించడానికి 25,000 డాలర్ల బాండు ఉంటుంది గానీ, దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోకు, బాధితులందరూ పంచుకోవాల్సిన డబ్బది. పనివాళ్ల ఇన్సూరెన్సు గడి దగ్గర ఆగి చదువు. అక్కడ ‘పనివాళ్లు లేరు’ అని మినహాయింపు రాయించుకున్నవాడు మీ ఇంటికి నలుగురిని దింపితే, వాళ్లలో ఒకడు నిచ్చెన మీంచి పడిన రోజున ఆ ఖర్చు మీ మెడకు చుట్టుకోవచ్చు. “పర్మిట్ మీ పేరున తీసుకోండి, చవకవుతుంది” అన్నవాణ్ని అక్కడితో వదిలెయ్. పర్మిట్ ఎవరి పేరున ఉంటే బాధ్యత వాళ్లది. నది ఒడ్డున తను చేసిన ఇళ్ల అడ్రసులు అడుగు. ఫైనల్ ఇన్‌స్పెక్షన్ అయిందో లేదో కౌంటీ పర్మిట్ ఆఫీసు రికార్డుల్లో చూసుకోవచ్చు.

ఇక డబ్బు. అల్లుడుగారు బేరం బాగా ఆడతారని తెలుసు. ఇక్కడ బేరం కంటే పోలిక ముఖ్యం. చేయాల్సిన పనులన్నీ ఒకే జాబితాగా రాసి ముగ్గురికీ అదే ఇవ్వండి. లేకపోతే ఒకతను టైల్సుకు, కుళాయిలకు బొటాబొటీగా ‘అలవెన్సు’ వేసి మొత్తం తక్కువ చూపిస్తాడు, మీరు దుకాణానికి వెళ్లాక అసలు ధర బయటపడుతుంది. అడ్వాన్సు విషయంలో చట్టం మీ పక్షాన ఉంది. ఒప్పందం మొత్తంలో పది శాతం లేదా 1,000 డాలర్లు, ఈ రెంటిలో ఏది తక్కువైతే అంతే తీసుకోవాలి. 90,000 డాలర్ల పనికైనా అడ్వాన్సు వెయ్యే. బోర్డు దగ్గర ప్రత్యేక బాండు పెట్టిన కొద్దిమందికే దీన్నుంచి మినహాయింపు. తర్వాతి వాయిదాలు కూడా అయిన పనిని మించకూడదు. పని ముందు నడవాలి, డబ్బు వెనక రావాలి. గోడలు విప్పాక ఏవో బయటపడతాయి, అందుకు అయిదో వంతు డబ్బు పక్కన పెట్టుకోండి. ఏ మార్పయినా, ఎంత చిన్నదైనా, ధరతో సహా రాసి ఇద్దరూ సంతకం చేశాకే మొదలవ్వాలి.

ఇంకో చిక్కుంది. నువ్వు కాంట్రాక్టర్‌కు పూర్తిగా కట్టినా, అతను చెక్కల దుకాణానికో ప్లంబర్‌కో ఎగ్గొడితే వాళ్లు నీ ఇంటి మీద లీన్, అంటే బాకీ హక్కు, వెయ్యగలరు. పనిలో దిగిన 20 రోజుల్లోపు వాళ్ల దగ్గర్నుంచి నోటీసు రావచ్చు. కంగారు పడకు, ఫలానావాళ్లు మీ ఇంటికి పని చేస్తున్నారని చెప్పే చీటీ అది. అవన్నీ ఒక ఫైల్లో పెట్టు. ప్రతి వాయిదాకూ ఆ పేర్లవాళ్ల నుంచి లీన్ వదులుకుంటున్నట్టు సంతకం పెట్టిన రిలీజ్ కాగితం తీసుకో.

ఇంటికొచ్చి సంతకం చేయించుకున్న ఒప్పందాన్ని మామూలుగా మూడు పనిదినాల్లో రద్దు చేసుకోవచ్చు. కానీ అంతదాకా రానివ్వకు. ఈ వారం ఒక్క పని చెయ్యి: కౌంటీ ఆఫీసుకు వెళ్లి మీ ఇంటి పాత పర్మిట్లు, సెప్టిక్ కాగితాలు తెచ్చుకో. వచ్చినవాళ్లు ఆ కాగితాలు తిప్పి చూస్తారో, పక్కన పెట్టి టైల్స్ రంగు గురించి మాట్లాడతారో గమనించు. ఒప్పందం చిత్తుప్రతి వచ్చాక సంతకానికి ముందు నాకు పంపు, కళ్లద్దాలు పెట్టుకుని అక్షరం అక్షరం చదివి పెడతాను.

ఇట్లు,
మీ పెదనాన్న