బహిరంగ మరుగుదొడ్లును ట్రాన్స్‌జెండర్ వ్యక్తులును

విద్యార్థులారా, రైలుస్టేషనునందు మరుగుదొడ్డికి రెండు తలుపులుండుట మీరెఱుగుదురు: ఒకటి పురుషులకు, ఒకటి స్త్రీలకు. ఏ తలుపు తెరచినను గెంటివేయబడుదుమేమోయని జంకువారు కొందఱు కలరు. పుట్టినప్పుడు ఇతరులు నిర్ణయించిన లింగముగాక, తమ మనస్సెఱిగిన లింగముతో జీవించు వీరిని ట్రాన్స్‌జెండర్ వ్యక్తులందురు. పురుషులవైపు పోయిన అవమానము, స్త్రీలవైపు పోయిన కేకలు. కావున ప్రయాణమున నీరు త్రాగక, మూత్రము బిగబట్టి, వ్యాధి తెచ్చుకొనువారును కలరు.

2014 ఏప్రిలు 15వ తేదీన సుప్రీంకోర్టు హిజ్రాలను మూడవ లింగముగా గుర్తించి, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ప్రత్యేకముగా మరుగుదొడ్లు కట్టింపుడని ప్రభుత్వములను ఆదేశించెను. 2017లో స్వచ్ఛభారత్ మార్గదర్శకములు వేఱొక త్రోవ చూపెను: ఉన్న రెంటిలో తమకు తగినదానిని వారే యెంచుకొనవచ్చును.

ఏది మేలు? ప్రత్యేకపు గదిలో బెదరింపు తక్కువ; కాని అందు ప్రవేశించినవారెవరో బజారుకెల్ల తెలియును. పైగా ఉన్న రెండు గదులకే నీరు లేనిచోట మూడవది ఎవరు కట్టుదురు? ఎంపిక విధానమునకు సొమ్ము అక్కఱలేదు. అయితే ఆ నెపమున దుష్టులు చొరబడుదురేమోయని స్త్రీలు కొందఱు భయపడుదురు. ఆ భయమును మేము తేలికగా త్రోసివేయము. స్త్రీని చాటుగా చూచుట ప్రత్యేక నేరమని 2013లో శాసనమైనది. ఎవరు అట్లు చూచినను అది నేడు నేరమే.

లోపల గట్టి గడియగల ఒంటిగదులను అందఱికిని ఉమ్మడిగా కట్టుట మాకు మేలుగా తోచుచున్నది. ఇది క్రొత్త వింత కాదు. రైలుపెట్టెలోని మరుగుదొడ్డి సాధారణముగా అట్టిదే. ప్లాట్‌ఫారముపై అడ్డగింపబడిన ప్రయాణికుడే బండి యెక్కిన పిమ్మట వరుసలో నిలిచి, తన వంతు రాగానే లోపలికి పోవును. ఎవరును ఏమియు అడుగరు.