మంచుమీద రేడియో కారు

పిల్లలూ! చలికాలంలో ఎడ్మంటన్, విన్నిపెగ్ వంటి ఊళ్ళలో మైదానాలు మంచుతో నిండిపోతాయి. ఆ మంచుమీద రేడియో కారును మెరుపులా పరుగెత్తించాలని మీలో కొందరికి సరదాగా ఉంటుంది. మోటారుకు పెద్ద పళ్ళచక్రం వేస్తే వేగం పెరుగుతుందని స్నేహితులు చెబుతారు. ఆ మాట ఎంతవరకు నిజమో లెక్క కట్టి చూద్దాం.

మన కారులో ఉన్నది బ్రష్‌లెస్ మోటారు. ఇందులో రాసుకునే బ్రష్షులు ఉండవు. తీగచుట్టలు కదలకుండా ఉంటాయి, అయస్కాంతం తిరుగుతుంది. మోటారుమీద ‘కె.వి.’ అని ఒక అంకె వేసి ఉంటుంది. ఏ బరువూ లాగనప్పుడు ఒక్క వోల్టుకు మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ అంకె తెలుపుతుంది. 2400 కె.వి. మోటారుకు 11.1 వోల్టుల బ్యాటరీ కలిపితే నిమిషానికి 26,640 చుట్లు తిరుగుతుంది.

మోటారుకు బిగించిన చిన్న పళ్ళచక్రం పేరు పినియన్. అది తిప్పే పెద్ద చక్రం పేరు స్పర్. స్పర్‌కు 54 పళ్ళు, పినియన్‌కు 18 పళ్ళు ఉన్నాయనుకోండి. మోటారు 3 చుట్లు తిరిగితే స్పర్ ఒక చుట్టు తిరుగుతుంది. ఇరుసు దగ్గరి పళ్ళచక్రాలు ఆ వేగాన్ని మళ్ళీ మూడోవంతుకు తగ్గిస్తాయనుకుందాం. అప్పుడు మోటారు 9 చుట్లకు కారు చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. చక్రం అడ్డుకొలత 10 సెంటీమీటర్లయితే కారు వేగం గంటకు సుమారు 56 కిలోమీటర్లు. 24 పళ్ళ పినియన్ వేస్తే సుమారు 74, 15 పళ్ళది వేస్తే సుమారు 46 కిలోమీటర్లు.

ఇది కాగితంమీది లెక్క. మంచుమీద ఏమవుతుంది? సైకిలును పెద్ద గేరులో ఉంచి ఎత్తుదారి ఎక్కారా? కాళ్ళు బిగుసుకుపోతాయి, సైకిలు మాత్రం కదలదు. మంచులో దిగబడ్డ కారు మోటారు పనీ అంతే. లాగలేక ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. కరెంటు రెట్టింపయితే తీగల్లో వేడి నాలుగు రెట్లవుతుంది. వేగం రాదు సరికదా, వేడి మితిమీరితే తీగల పూత కాలిపోతుంది, అయస్కాంతం బలం తగ్గిపోతుంది.

తెలుగులో అన్నిటినీ ‘మంచు’ అనే అంటాం. కారుకు మాత్రం తేడా తెలుస్తుంది. లోతైన మెత్తని మంచులో చక్రాలు దిగబడతాయి కాబట్టి చిన్న పినియన్ వేయాలి. అణగదొక్కిన గట్టి మంచుమీద కొంచెం పెద్దది పనికివస్తుంది. నున్నని గడ్డమంచుమీద పట్టు ఉండదు. అక్కడ చక్రం ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది. ముళ్ళ టైర్లు లేకుండా పినియన్ ఎంత పెద్దదయినా లాభం లేదు.

కాబట్టి ముందు చిన్న పినియన్‌తో రెండు నిమిషాలు నడపండి. కారు ఆపి, ఉష్ణమాపకంతో మోటారు వేడి చూడండి. బయట చలిగా ఉంది కదా అని నమ్మి ఊరుకోవద్దు. వేడి 80 డిగ్రీల సెల్సియస్‌కు బాగా తక్కువగా ఉంటే ఒక పన్ను పెంచి మళ్ళీ చూడండి. పినియన్ మార్చినప్పుడు రెండు చక్రాల పళ్ళ మధ్య పలుచని కాగితం ముక్క పెట్టి బిగించి, తరువాత తీసివేయండి. అంత సందు ఉంటే చాలు.

చలికి బ్యాటరీ శక్తి తగ్గుతుంది. ఆట మొదలయ్యేదాకా దాన్ని వెచ్చని చోట ఉంచండి. 0 డిగ్రీలకన్న చల్లగా ఉన్నప్పుడు ఛార్జి చేస్తే బ్యాటరీ పాడవుతుంది, ప్రమాదం కూడా. ఛార్జి ఎప్పుడూ ఇంట్లో, పెద్దల ఎదుటనే చేయాలి.

మంచుమీద కారు వెంటనే ఆగదు. మూడు కిలోల కారు ఆ వేగంతో తగిలితే కాలి ఎముక విరగవచ్చు. మనుషులు లేని మైదానంలోనే నడపండి. కారు గడ్డకట్టిన చెరువుమీదికి జారిపోతే వెంట పరుగెత్తవద్దు, పెద్దలను పిలవండి. కారు పోతే మరొకటి కొనుక్కోవచ్చు.

ప్రశ్నలు

1. పినియన్, స్పర్ అంటే ఏమిటి?
2. పెద్ద పినియన్ వేసినా మెత్తని మంచులో వేగం ఎందుకు పెరగదు?
3. పై లెక్కలో 12 పళ్ళ పినియన్ వేస్తే కారు వేగం ఎంత?
4. మీ ఇంట్లో పెద్దలు చిన్నప్పుడు దేనిని ‘మంచు’ అనేవారో అడిగి, ఐదు వాక్యాలు రాయండి.