తాండవ బాగుకు డబ్బెవరివ్వాలి?

తుని ఒడ్డున నిలబడితే అవతల పాయకరావుపేట. మధ్యన తాండవ. 2022లో జిల్లాలు మారాక తుని కాకినాడ జిల్లాలోను, పాయకరావుపేట అనకాపల్లి జిల్లాలోను చేరాయి. అంతకుముందూ అవి వేర్వేరు జిల్లాలే. ఏరు ఒకటి, యజమానులిద్దరు. ఉమ్మడి బర్రె పుచ్చి చచ్చిందన్న సామెత వంతెన మీద నడిచినప్పుడల్లా నాకు గుర్తొస్తుంది.

"ప్రభుత్వం ఉంది కదా!" అంటాం. 1986లో గంగా కార్యాచరణ పథకం మొదలైంది. మురుగు శుద్ధి కేంద్రాలు కట్టారు. కట్టడానికి ఢిల్లీ డబ్బు వచ్చింది గాని, ఏటేటా వాటిని నడిపే ఖర్చు, కరెంటు బిల్లు చాలాచోట్ల స్థానిక సంస్థలకు మోయలేని బరువయ్యాయి. కట్టడం ఒకసారి, నడపడం ఎల్లకాలం. ఆ రెండో ఖర్చుకే ప్రజల మద్దతు కావాలి.

ఒడ్డున కూరలమ్మే ఒక పెద్దాయన్ని అడిగాను, "ఏరు బాగు చేయడానికి నెలకో పది రూపాయలిస్తారా మావయ్యా?" అని. "ఇత్తాను బాబూ. అందరూ ఇత్తారా? ఇచ్చింది ఏటికే ఎల్తాదా?" అన్నాడు. అర్థశాస్త్రంలో 'చెల్లించే సంసిద్ధత' అనే పాఠమంతా ఆ రెండు ప్రశ్నల్లోనే ఉంది.

మొదటిది, అందరూ ఇస్తారా? గంగాళంలో తలా చెంబెడు పాలు పొయ్యమంటే, ఎదుటివాడు పోస్తాడులే అని ప్రతివాడూ నీళ్లే పోసిన కథ మనకు తెలిసిందే. అందుకే చందాలు చాలవు, చట్టం కావాలి. 1858 వేసవిలో థేమ్స్ నది కంపు పార్లమెంటు భవనంలోకే కొట్టింది. కొద్ది వారాల్లో చట్టం చేసి, లండన్ ఇళ్ల మీద పన్ను వేసి, భూగర్భ కాలవలు కట్టించారు.

రెండోది, లెక్క. 2016లో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం తీరాన్ని బాగు చేసేందుకు స్థలానికి ఏడాదికి 12 డాలర్ల పన్ను, 20 ఏళ్లపాటు, ప్రజల ఓటుకు పెట్టారు. మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. సుమారు 70 శాతం వచ్చాయి. ఖర్చు చూసేందుకు పౌరుల సంఘాన్నీ పెట్టారు. మనకూ ఇది కొత్త కాదు. 1997 నాటి మన సాగునీటి చట్టం రైతులు కట్టే నీటితీరువాలో వాటాను కాలవల మరమ్మతుకు రైతుసంఘాలకే చేర్చాలన్న ఆలోచనతో వచ్చింది.

తాండవకూ అలాంటి ఖాతా ఒకటి కావాలి. ఇంటిపన్నును బట్టి వాటా ఉండాలి. పూరింటికీ మేడకూ ఒకే రేటు న్యాయం కాదు. ఎక్కువ మురుగు వదిలేవారు ఎక్కువ కట్టాలి. జమాఖర్చు రెండు ఊళ్ల బజార్లలోనూ బోర్డు మీద కనిపించాలి.

విద్యార్థి మిత్రులారా! ముందు ఏట్లోకి దిగే మురుగు కాలవలన్నీ రెండొడ్డులా లెక్కపెట్టి, ఆ జాబితా ఇద్దరు కలెక్టర్ల ముందూ పెడదాం. పెద్దాయన అడిగిన లెక్క అక్కడే మొదలవుతుంది.